నోరు తెరుచుకోని ఆషాఢం

నేను అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా విడపనకల్లు పోయే బస్సులో కండక్టరును. పోయిన ఏడాది జ్యేష్ఠమాసం చివర్లో నా కుడివైపు కడపటి దవడపళ్లు రెండు, పైన ఒకటి కింద ఒకటి, ఒకే పూట తీయించుకున్నాను. జ్ఞానదంతాలంటారే, అవి. ఒక్కో వారం ఒక్కో పన్ను తీద్దామన్నాడు డాక్టరు. రెండూ ఒకేసారి తీసేయమని పట్టుబట్టింది నేనే.

అప్పటికి నాలుగు నెలలుగా వాటితో అవస్థ పడుతున్నాను. కిందిది అడ్డంగా మొలిచి ముందు పన్నును తోస్తోంది. పైది పుచ్చిపోయింది. ఎడమవైపే నమిలి నమిలి ఆ దవడ కూడా నొప్పి పుట్టేది. మా డ్రైవరు నాకంటే పదిపన్నెండేళ్లు పెద్దవాడు. ఆరేళ్లుగా మా ఇద్దరిదీ ఒకటే బండి. చెంపకు చెయ్యి ఆనించుకుని టికెట్లు కొడుతున్న నన్ను అద్దంలో చూసి రోజూ ఒకటే మాట అనేవాడు.

"ఎన్ని దినాలని లవంగం పెట్టుకోని తిరుగుతావు పాపా? పీకిచ్చి పారెయ్యి. మూడు దినాలు సెలవు పెడితే సరిపాయె."

ఆ మూడు రోజులే దొరికాయి. అందుకే రెండూ ఒకేసారి అన్నాను.

డాక్టరు చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. మా వీధి చివర కొత్తగా ఆసుపత్రి పెట్టుకున్నాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఎక్స్‌రే చూసి, "కిందిదే కష్టమక్కా, పైది సులభంగా వచ్చేస్తాది" అన్నాడు. జరిగింది మాత్రం తలకిందులు. కింది పన్నును ముక్కలు చేసి అరగంటలో తీసేశాడు. పైది కదలనే లేదు. పట్టుకారుతో ఊపాడు, లాగాడు, ఆగి చెమట తుడుచుకున్నాడు, మళ్లీ లాగాడు. చివరికి ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. మత్తు సూది వల్ల నొప్పి తెలియలేదు గానీ ఆ చప్పుడు తల లోపల వినిపించింది. డాక్టరు చెయ్యి ఆగిపోయింది. పళ్లెంలో పడేసిన పన్ను వంక చూశాడు. మళ్లీ నా నోట్లో దీపం వేసి ఏదో వెతికాడు. నీళ్లు కొట్టి గొట్టంతో పీల్చాడు. పక్కనున్న అమ్మాయిని కుట్లదారం ఇమ్మన్నాడు.

అయిపోయిందా అని చేత్తో అడిగాను.

"అయిపాయె అక్కా. ముక్కు మాత్రం చీదొద్దు. రెండు వారాలు చీదొద్దు" అన్నాడు.

పన్ను పీకితే ముక్కెందుకు చీదకూడదో నేను అడగలేదు. నోటి నిండా దూది ఉంది.

ఇంట్లో ఉండేది నాయన, నేను. నా భర్త చీనీకాయల లారీ తోలతాడు. నాగపూరు, ఢిల్లీ దాకా పోతాడు కాబట్టి నెలకు వారం ఇంట్లో ఉంటే ఎక్కువ. మాకు పిల్లలు లేరు. నాయన విడపనకల్లు దగ్గర గొర్రెలు మేపినవాడు. వరసగా మేత లేని ఏళ్లు వచ్చి మంద అమ్మేశాక నా దగ్గరికి వచ్చేశాడు. వంట ఆయనే చేస్తాడు. ఆ రోజు నేను వచ్చేసరికే రాగి అంబలి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి పెట్టాడు. మధ్యాహ్నం దూది తీసేసి ఒక గుక్క తాగాను. కుడి ముక్కులోంచి అంబలి కారి పైపెదవి మీదికి వచ్చింది.

"పొలమారినట్టుండాది. నిదానంగా తాగు" అని నాయన నా తల మీద తట్టాడు.

పొలమారలేదు. దగ్గే రాలేదు. రెండో గుక్క ఇంకా చిన్నది తాగాను. అదీ అంతే. తల ఎడమవైపుకు వంచి తాగితే కొంచెం తక్కువ కారింది. నాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నోట్లో పోసింది ముక్కులో ఎట్ల వస్తాదిమ్మా?" అన్నాడు.

కొంగుతో తుడుచుకుని మిగిలింది పక్కన పెట్టేశాను.

మర్నాడు పొద్దున డాక్టరుకు ఫోను చేశాను. ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఒక్కోసారి అట్లయితాదక్కా. పై పన్ను వేర్లు సైనస్‌కు ఆనుకోని ఉంటాయి. సన్న సందు పడినట్టుంది. రెండు వారాల్లో అదే పూడిపోతాది. స్ట్రాతో తాగొద్దు, గట్టిగా ఉమ్మొద్దు. తుమ్ము వస్తే ఆపుకోవద్దు, నోరు బాగా తెరిచి తుమ్మండి. నోరు మూసుకోని తుమ్మితే ఆ గాలి సందును పెద్దది చేస్తాది."

సైనస్ అంటే జలుబు చేసినప్పుడు వచ్చే తలనొప్పి అనుకునేదాన్ని అప్పటివరకు. చెంప ఎముక వెనక గాలి నిండిన ఒక గది ఉంటుందనీ, పై దవడపళ్ల వేర్లు ఆ గది అడుగుకు తగులుతూ ఉంటాయనీ, పన్నుతో పాటు ఆ అడుగు పెచ్చులాగా ఊడివస్తే నోటికీ ముక్కుకూ మధ్య దారి పడుతుందనీ తర్వాత తెలుసుకున్నాను. ఆ పూటకు నాకు అర్థమైంది ఒక్కటే. నోరు తెరిచి తుమ్మాలి.

మూడో రోజు పొద్దున నోరు తెరుచుకోలేదు.

బ్రష్షు పెట్టబోతే పళ్ల మధ్య దూరలేదు. అద్దం ముందు నిలబడి దవడను చేత్తో కిందికి లాగాను. చెవి ముందర కండ రాయిలాగా బిగిసిపోయి ఉంది. చిటికెన వేలు కొస కూడా పట్టడం లేదు. నాయనను పిలుద్దామంటే గొణుగుడే వచ్చింది. ఆయన వచ్చి నా ముఖం చూశాడు. నా చేయి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు. మెడ వెనక తడిమాడు. తల వంచమన్నాడు.

"ఈ మధ్య ఇనుమేమన్నా గీరుకునిందా? బస్సులో రేకు గాని, మేకు గాని?"

లేదని తల ఊపాను. ఆయన దేనికి అడుగుతున్నాడో నాకు తెలుసు. చిన్నప్పుడు మా మందలో గొర్రెపిల్లకు చెవి కోసి గుర్తు పెట్టిన కొన్నాళ్లకు దవడలు కరుచుకుపోయేవి. కాళ్లు కట్టెల్లాగా బిగుసుకునేవి. నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని సందు చూసి పాలు పోసేవాడు. పాలు మూతికి రెండు పక్కలా కారిపోయేవి. మూడో రోజుకో నాలుగో రోజుకో అది పోయేది. ఆ జబ్బు పేరు నాయన నోటివెంట రాలేదు. నేను ఎలాగూ అనలేను.

"పద" అని చెప్పులు వేసుకున్నాడు.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు నన్ను చూసి, పన్ను పీకిన చీటీ చూసి, "ఇది ధనుర్వాతం కాదు పెద్దాయనా. కింది పన్ను తీసినప్పుడు దవడ కండకు వాపొచ్చింది. తగ్గుతుంది" అన్నాడు.

"వాపే కావచ్చు సార్. సూది ఎయ్యండి."

"అవసరం లేదంటున్నా కదా."

"అవసరం లేకపోయినా ఎయ్యండి సార్. మీకు పున్నెముంటాది."

వేశారు. ఆ తర్వాత నాలుగు రోజులు పొద్దున్నే నాయన నా మంచం దగ్గరికి వచ్చి దుప్పటి కొంచెం పక్కకు తీసి, కాళ్లు వంగుతున్నాయో లేదో మెల్లగా పట్టి చూసేవాడు. నేను నిద్రపోతున్నట్టే కళ్లు మూసుకుని ఉండేదాన్ని.

ఆ రోజుల్లో నా భర్త నాగపూరు దగ్గర ఎక్కడో లారీ ఆపి ఫోను చేశాడు. నాయనే ఎత్తాడు. "బాగుండాది. ఇప్పుడే పండుకునింది. లేస్తే చేపిస్తాలే" అన్నాడు. నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఫోను పెట్టేసి నా వైపు చూడకుండా వంటింట్లోకి పోయాడు.

సెలవు రెండు వారాలకు పెంచుకున్నాను. పళ్ల డాక్టరు దగ్గరికి మళ్లీ పోతే వేరే మాత్రలు ఇచ్చాడు. ఐసుపుల్లల కట్ట ఒకటి చేతిలో పెట్టాడు. వేడి కాపడం పెట్టుకుని, పళ్ల మధ్య ఒక పుల్ల దూర్చి, దాని మీద ఇంకొకటి దూరుస్తూ నోటిని కొంచెం కొంచెం తెరిపించుకోవాలట. పైనున్న సందు ఎట్లా ఉందో చూడమని సైగ చేశాను. దీపం పట్టుకుని వంగి అటూ ఇటూ చూశాడు.

"నోరు తెరుచుకుంటే గానీ పైన ఏముందో కనపడదక్కా."

రెండు వారాలకు నాలుగు పుల్లలు పట్టాయి. నాలుగు పుల్లలంటే ఒక వేలు మందం కూడా లేదు. డిపోలో ఇంకా ముగ్గురు కండక్టర్లు సెలవులో ఉన్నారు. కూర్చుని టికెట్లు కొట్టడమే కదా, వచ్చెయ్యమ్మా అన్నారు. ఆషాఢం మొదలైన వారానికి మాస్కు పెట్టుకుని డ్యూటీకి పోయాను.

విజిల్ మెడలో ఉంది గానీ ఊదడానికి లేదు. ఊదితే గాలి ముక్కులోకి పోతుంది. అందుకని బండి రేకు మీద అరచేత్తో కొట్టి డ్రైవరుకు చెప్పేదాన్ని. ఒక దెబ్బ ఆపమని, రెండు దెబ్బలు పొమ్మని. మాట్లాడితే సగం మాట ముక్కులోంచి వచ్చేది. బస్టాండులో ఒక పెద్దామె పామిడి బస్సు యాడ నిలబడుతుందని అడిగితే చెప్పాను. నేను పామిడి అన్నది ఆమెకు మామిడి అని వినబడినట్టుంది. "మామిడికాయలు కాదుమ్మా, బస్సు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు కూడా నవ్వు వచ్చి ఉండేది, ఇంకో రోజైతే.

రోజూ ఎక్కే ఆడవాళ్లు నా చుట్టూ చేరి తలా ఒక మందు చెప్పేవారు. వాము పొగ పట్టమని ఒకరు, వెల్లుల్లి కాల్చి చెంపకు కట్టమని ఒకరు. కూడేరులో ఎక్కే ఒకామె, "నీ గొంతుకు ఎవరిదో దిష్టి తగిలింది. బస్సంతా ఎగిరిపోయేట్టు అరుస్తాంటివి కదా" అంది. ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే నా గొంతు మూడు స్టాపుల దూరం వినపడేదని చెప్పుకునేవారు.

డ్యూటీలో చేరిన అయిదో రోజు ఉరవకొండ దాటాక గాలి లేచింది. ఆషాఢంలో మా వైపు గాలి ఎట్లా ఉంటుందంటే, వాన కోసం దున్ని వదిలిన చేలలోంచి ఎర్రమట్టి లేచి రోడ్డుకు అడ్డంగా పారుతుంది. కొండల మీద గాలిమరలు గిరగిరా తిరుగుతున్నాయి. కిటికీలు సగం బిగిసిపోయి మూయరాలేదు. నేను బస్సు మధ్యలో నిలబడి ఒక ముసలాయనకు టికెట్టు ఇస్తున్నాను. ముక్కులో చిరచిరమంది. తుమ్ము వస్తోందని తెలిసింది.

ఆపుకోకూడదు. నోరు తెరిచి తుమ్మాలి. తెరవబోయాను. దవడ తెరుచుకోలేదు. ఒక చేత్తో టికెట్ మిషన్ పట్టుకుని, ఇంకో చేత్తో గడ్డాన్ని కిందికి లాగుతూ, ఆ రెండు క్షణాలు పడిన భయం నాకు ఇప్పటికీ చెప్పరాదు. తుమ్ము వచ్చేసింది. మూసుకున్న పళ్ల వెనక గాలంతా కుడి చెంపలోకి పోయి లోపల ఏదో చీలినట్టయింది. మాస్కు తడిసింది. తీసి చూస్తే నెత్తురు, చీము. ముసలాయన మోకాళ్ల మీద కూలబడిపోయాను.

ఎవరో డ్రైవరును కేకేశారు. బస్సు ఆగింది. ఒకామె తన సీసాలో నీళ్లు నా నోటికి అందించింది. కుళ్లు కొట్టుకుపోతుందని నేనే తాగాను. నీళ్లు కుడి ముక్కులోంచి పచ్చగా, ఎర్రగా కారి నా యూనిఫారం మీద పడ్డాయి. ఆ వాసన నాకే వికారమనిపించింది. పక్క సీటు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను చూశానని గమనించి గబుక్కున దించేసింది. ఆమె దించకుండా ఉంటే బాగుండును అనిపించింది.

డ్రైవరు వచ్చి నా ముందర గొంతుక్కూర్చున్నాడు.

"ఏం చేద్దాం పాపా? చెప్పు, ఏం చేద్దాం?"

నాకేం తెలుసు? తల అడ్డంగా ఊపాను.

వెనక నుంచి ఒకాయన, "అన్నా, మాకు టైమైతాండాది, ఈడ ఎంతసేపు నిలబెడతావు?" అన్నాడు.

"నీ టైము నా జేబులో లేదప్పా. కూర్చో" అన్నాడు డ్రైవరు. కానీ ఆయనకూ నిలబెట్టి చేసేదేమీ లేదు. అటు విడపనకల్లు దగ్గర, ఇటు అనంతపురం దూరం. బస్సు నిండా మనుషులున్నారు. నా చెయ్యి పట్టుకుని లేపి, నన్ను కండక్టరు సీట్లో కూర్చోబెట్టి బండి కదిలించాడు. విడపనకల్లులో దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. తిరుగు ప్రయాణంలో కూడా టికెట్లు నేనే కొట్టాలి, మిషన్ ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. చెంపకు తడి గుడ్డ అదుముకుని, దుడ్లు తీసుకుని, టికెట్టు చింపి ఇస్తూ అనంతపురం దాకా వచ్చాను. ఎవరూ ఏ ఊరని నాతో రెండోసారి అడిగించుకోలేదు. వేళ్లతో చూపించారు, గట్టిగా చెప్పారు. చిల్లర సరిగ్గా తెచ్చి ఇచ్చారు.

డ్రైవరు నన్ను డిపోకు తీసుకుపోకుండా నేరుగా పళ్ల డాక్టరు గుమ్మం దగ్గర దించాడు. నాయన కూడా వచ్చాడు. డాక్టరు నన్ను చూస్తూనే లేచి నిలబడ్డాడు. ఈసారి మూడు వైపుల నుంచి చూపించే స్కాను తీయించుకుని రమ్మన్నాడు. సాయంత్రం ఆ బొమ్మను కంప్యూటరులో పెట్టి చూసి, కుర్చీలో వెనక్కు వాలి నుదురు పట్టుకున్నాడు.

"వేరు ముక్క ఒకటి సైనస్‌లోకి పోయిందక్కా. లోపలంతా చీము పట్టింది."

నాయన, "అది ఎప్పుడు పోయింది సార్?" అని అడిగాడు.

డాక్టరు కంప్యూటరు వైపు తిరిగి బొమ్మను పెద్దది చేశాడు. నేను బల్ల మీదున్న మందుల చీటీ తీసుకుని వెనక రాశాను. 'ఆ రోజే తెలుసా?'

చదివి ఆ చీటీని నా ముందుకు జరిపాడు. "అనుమానం వచ్చిందక్కా. పన్ను బయటికి వచ్చినాక చూస్తే ఒక వేరు కొస లేదు. వెతికితే కనపడలేదు. భయపడినా. చిన్నది కదా, ఏమీ కాదులే అనుకున్నా."

'చెప్పి ఉండాల్సింది' అని రాశాను. అంతకంటే చాలా అనాలనుంది. పదకొండేళ్లు బస్సులో తాగుబోతులను, సీట్ల కోసం కొట్టుకునేవాళ్లను నోటితోనే అదుపు చేసినదాన్ని. ఆ పూట కోపం గొంతు దాకా వచ్చి పళ్ల వెనక ఆగిపోయింది. కాగితం మీద కోపం రాయాలంటే అక్షరాలు దిద్దాలి. దిద్దేలోపల ఏడుపు వచ్చింది. ఏడిస్తే ముక్కు నిండుతుంది, చీదకూడదు. అది కూడా ఆపుకున్నాను.

నాయన లేచాడు. "ఇంగ యాడికి పోవల్ల, అది చెప్పు సార్" అన్నాడు.

డాక్టరు బెంగళూరులో తాను చదివిన కాలేజీ ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు. తనే ఫోను చేసి అక్కడి పెద్ద డాక్టరమ్మతో మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపు తన తప్పు దాచుకోలేదు. అది విన్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బెంగళూరులో నా నోరు నాయనే అయ్యాడు. విడపనకల్లు సరిహద్దు ఊరు కాబట్టి ఆయనకు కన్నడం తెలుగంత ధారాళంగా వస్తుంది. డాక్టరమ్మ "బాయి తెగీరి" అని నోరు తెరవమన్నప్పుడు నేను తెరిచినంత తెరిచాను. ఆమె స్కేలు పెట్టి కొలిచి పెదవి విరిచింది. నాయనకు కన్నడంలో చాలాసేపు చెప్పింది. ఆయన నా వైపు తిరిగి ఒక్కొక్క మాటే కూడగట్టుకున్నాడు.

"లోపల ముక్క తీయల్లంట. చీము కడగల్లంట. చెంప కండ కొంచెం లాగి ఆ సందు మీద కప్పి కుడతారంట. అదంతా నోట్లోంచే చేయల్లంట." తన రెండు వేళ్లు జోడించి చూపించాడు. "నోరు రెండేండ్లు తెరుచుకుంటే గానీ మత్తు గొట్టం దూర్చడానికీ కుదరదు, చెయ్యి పెట్టడానికీ కుదరదంట. తెరిపించుకోని రమ్మంటాంది."

రెండేండ్లంటే రెండు వేళ్లు. నాకు ఒకటే పడుతోంది. నోరు తెరుచుకోకపోతే సందు మూయరు. చీము ఉన్నంతకాలం దవడ వాపు తగ్గదు, నోరు తెరుచుకోదు. నాయన ఈ లెక్క డాక్టరమ్మకు రెండుసార్లు చెప్పాడు. ఆమె వినింది. అవునంది. చీముకు మందులు మార్చి, ముక్కులో వేసుకునే చుక్కలు ఇచ్చి, మూడు వారాల తర్వాత రమ్మంది.

ఆ మూడు వారాలూ పుల్లలే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గుమ్మంలో కూర్చుని కాపడం పెట్టుకుని, పుల్లలు దూర్చుకునేదాన్ని. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదో పుల్ల దగ్గర చెవి ముందర కండ చిరిగిపోతున్నట్టు ఉండేది. నేను పుల్లల కట్ట చేతిలోకి తీసుకోగానే నాయన ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి పోయేవాడు. వంగితే చెంప లోపల బరువు ముందుకు జారేది, ముక్కు కొసకు చీము చుక్క వచ్చేది. ముగ్గు వేయలేను, చెప్పు వేసుకోవాలన్నా కుర్చీలో కూర్చోవాల్సిందే. తిండి అంబలి, జావ, పలచటి పప్పునీళ్లు. తల ఎడమవైపు వంచి చెంచాతో పోసుకునేదాన్ని. నాయన తనకు సంగటి కెలుక్కుంటే ఆ వాసనకు నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. అది తెలిసి ఆయన కూడా జావే తాగడం మొదలుపెట్టాడు. వద్దని రాసి చూపించాను. చదువు రాదన్నట్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు చదువు వచ్చు.

పదో పుల్ల పట్టిన రోజు జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో దవడ మళ్లీ బిగిసి ఆరు పుల్లల దగ్గరికి వచ్చేసింది. ఆ రెండు రోజులూ నేను మంచం దిగలేదు. చేసింది మాత్రం ఏం తక్కువ చేశాను అనుకుంటూ గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నా భర్త అప్పుడే ఇంటికి వచ్చాడు. నాగపూరు నుంచి నారింజలు తెచ్చాడు. నా పక్కన కూర్చుని అలవాటుగా ఒక పండు వలిచి, తొన తీసి నా నోటి దగ్గరికి తెచ్చి, అక్కడే ఆగిపోయాడు. ఆ తొన ఏం చేయాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

మర్నాడు, "నేను దూరుస్తా, నీకు చెయ్యి బలం చాలదు" అని పుల్ల తీసుకున్నాడు. ఆరు పుల్లల మీద ఏడోది పెట్టి కొంచెం నొక్కాడు. నా గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది. పదహారు చక్రాల బండిని ఘాట్ రోడ్ల మీద తిప్పే ఆ చెయ్యి వెనక్కు వచ్చేసింది.

"నాతో కాదు" అని పుల్లలు మంచం మీద పెట్టేసి గోడకు ఆనుకున్నాడు. "నీకు నొప్పి పెట్టేది నాతో కాదు."

నాలుగు రోజులుండి లోడుకు పోయాడు. పోకపోతే ఆ బండి వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.

మూడు వారాలన్నది అయిదు వారాలయింది. శ్రావణం సగం దాటాక రెండు వేళ్లు బిగపట్టి దూరాయి. డాక్టరమ్మ స్కేలు పెట్టి చూసి, చాలీచాలకుండా ఉంది, కానీ ఇంక ఆగితే లోపల పాడవుతుంది, చేసేద్దామంది. ముక్కులోంచి గొట్టం వేసి మత్తు ఇచ్చారు. లేచేసరికి కుడి చెంప గుమ్మడికాయంత ఉంది, కన్ను సగం మూసుకుపోయింది. నాయన మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఒక చిన్న ప్లాస్టిక్ సీసాను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. అందులో వేరు ముక్క ఉంది. కందిగింజంత కూడా లేదు.

"దీనికా?" అన్నాడు నాతోనో, సీసాతోనో. "ఇంత దానికా?"

పదకొండో రోజు డాక్టరమ్మ ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి తాగమంది. నాయన నా ముక్కు వైపే చూస్తున్నాడు. తల నిటారుగా పెట్టి తాగాను. ఏమీ కారలేదు. ఇంకో గ్లాసు తాగించారు. కారలేదు. నాయన పై కండువాతో ముఖం తుడుచుకుని వరండాలోకి పోయాడు.

ఆశ్వయుజంలో మళ్లీ డ్యూటీలో చేరాను. నేను సెలవులో ఉండగా ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. బస్సులో నిలబడే చోటు కూడా లేదు. మునుపటిలాగా అరిచే గొంతు ఇప్పుడే ఎక్కువ కావాలి. అది లేదు. సందు పూడింది, నోటికీ ముక్కుకూ ఇప్పుడు సంబంధం లేదు. దవడ మాత్రం రెండు వేళ్ల దగ్గరే ఆగింది. అరవబోతే చెవి ముందర పట్టేస్తుంది. కుడి బుగ్గ లోపల ఒక చోట మొద్దుబారి ఉంది, మెతుకు అంటుకున్నా తెలియదు. రేకు మీద కొట్టడం మానలేదు. డ్రైవరుకు ఆ దెబ్బలే అలవాటయ్యాయి. దుమ్ము లేచినప్పుడు మాత్రం బస్సులో ఎంత ఉక్కగా ఉన్నా నేను కిటికీలన్నీ మూయిస్తాను. తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు.

పళ్ల డాక్టరు మీద ఫిర్యాదు రాయమని డిపోలో చాలామంది అన్నారు. కాగితం ముందు పెట్టుకున్నాను కూడా. రెండూ ఒకేసారి తీయమన్నది నువ్వే కదా అనే మాట లోపల అడ్డం పడేది. ఆయన దాచిపెట్టిన దానికీ నా తొందరకూ సంబంధం లేదని తెలుసు. తెలిసినా రాయలేకపోయాను. అది మంచితనమో, చేతకానితనమో నాకే తేలలేదు.

ఆఖరుసారి చూపించుకోవడానికి మాఘమాసంలో బెంగళూరు పోయాము. డాక్టరమ్మ కొలిచి, కండ లోపల గాయం మచ్చలాగా గట్టిపడింది, ఇంతకంటే తెరుచుకునేది కష్టం, పుల్లలు మానకుండా చేస్తే ఉన్నది పోకుండా ఉంటుందని నాయనకు చెప్పింది. నాయన ఊరుకోలేదు. ఇంకో ఆపరేషను లేదా, వేరే ఊళ్లో లేదా, మందు లేదా అని కన్నడంలో అడుగుతూనే ఉన్నాడు. ఆమె ప్రతిదానికీ ఓపిగ్గా లేదని చెప్పింది. చివరికి ఆయన అడగడానికి మాటలు అయిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు నాయనకు ఇచ్చాను. పెనుకొండ దాటకముందే ఆయనకు నిద్ర పట్టింది. తల వెనక్కు వాలిపోయి నోరు బారెడు తెరుచుకుంది. ఎండ నేరుగా నోట్లో పడుతోంది. ఒక పక్క మిగిలిన మూడు పళ్లు, ఎర్రటి అంగిలి, లోపల కొండనాలుక దాకా కనపడుతోంది. ఈగ ఒకటి వచ్చి ఆ చుట్టూ తిరిగితే కొంగుతో తోలాను. ఆ బస్సు కండక్టరు కుర్రవాడు టికెట్ల కోసం వచ్చి, "లేపమంటావా అక్కా, దుమ్ము పడతాది" అన్నాడు. వద్దన్నాను. కిటికీ మూసి, నాయన మీదికి ఎండ రాకుండా తెర లాగి, ధర్మవరం రోడ్డు చీలే దాకా ఆయన నోటినే చూస్తూ కూర్చున్నాను.